మూడో నంబరు బ్యాటరీ, నా ఎర్ర ట్యాగు

మా ఇంట్లో బీరువా తాళంచెవి ఎక్కడ ఉంటుందో పక్క క్వార్టర్ వాళ్లకు కూడా తెలుసు. బ్యాటరీల పెట్టె జోలికి మాత్రం నేను తప్ప ఎవరూ వెళ్లకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. బచేలి ఇనుప ఖనిజం గనిలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని నాది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. యంత్రం మీద పనిచేసేవాడు ముందుగా దాని స్విచ్ ఆపి, తన పేరు రాసిన ఎర్ర ట్యాగు తగిలిస్తాడు. తగిలించినవాడే దాన్ని తీయాలి. పెద్ద సాబ్ వచ్చి నిలబడినా ఇంకొకడు ముట్టుకోడు. ఆ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

నాకు రిమోట్ విమానాల పిచ్చి. కరెంటు మోటారుతో ఎగురుతూ గాల్లో పల్టీలు కొట్టే రకం. వాటి లిథియం బ్యాటరీలు చూడటానికి సబ్బుపెట్టెంత ఉంటాయి గానీ కోపంలో నాకేం తీసిపోవు. మోతాదు మించి ఛార్జ్ చేస్తే మండుతాయి, అడుగంటేదాకా వాడేస్తే చెడిపోతాయి, దెబ్బ తగిలితే ఎప్పుడు అంటుకుంటాయో చెప్పలేం. అందుకే సంతలో కొన్న మట్టికుండలో ఇసుక పోసి, వెనక వరండాలో అందులోనే పెట్టి ఛార్జ్ చేస్తాను. అయ్యేదాకా పక్కనుంచి లేవను. ఎగరేస్తే ఐదు నిమిషాలకు టైమర్ మోగగానే, ఇంకా శక్తి మిగిలి ఉండగానే దించేస్తాను. ఎగరేయని రోజుల్లో సగం ఛార్జ్‌తో అల్మరాలో వాటి పెట్టెలో ఉంచుతాను.

ఒకసారి మా ఆవిడ అల్మరా తుడుస్తూ ఒక బ్యాటరీని తీసి స్టీలు గరిటెల డబ్బాలో పెట్టింది. తీగల కొనలు రెండూ లోహానికి తగిలి ఉంటే ఇల్లు అంటుకునేది. నేను ఆ రోజు చిందులు తొక్కాను. నాలుగు బ్యాటరీలకూ నంబర్లు వేసి, ఎర్ర ట్యాగులు కట్టి, "ట్యాగు ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, జరపొద్దు, దాని గురించి నాకు ఏమీ చెప్పొద్దు" అన్నాను. ఆ మూడో మాట కోపంలో వచ్చింది. కోపం సాయంత్రానికి పోయింది కానీ మాట ఇంట్లోనే ఉండిపోయింది.

మా ఆవిడది పక్క జిల్లా బీజాపూర్ వైపు. బజార్లో హిందీ, కూరగాయలామెతో గోండి, నాతో వాళ్ల ఊరి తెలుగు మాట్లాడుతుంది. ఆ వానాకాలమంతా మేమిద్దరం కలిసి ఒక విమానం కట్టాం. చట్రం నాది. దాని మీద ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీపెట్టెతో అతికించాలి. నేను ఒక రెక్క మొదలుపెట్టి అంతా ముడతలు చేస్తే, చూడలేక ఇస్త్రీపెట్టె లాక్కుంది. పసుపు రంగు ఆమె ఎంపికే. పది రోజులు వంట తర్వాత అదే పని. చివర్లో రెక్క నిమురుతూ ఒక్కటే అంది.

"దీన్ని ముక్కలు చేసి తెచ్చినవంటే ఇంకోటి చెయ్య. ఇప్పుడే చెప్తున్న."

నాకు విమానం పోతుందన్న దిగులు కంటే, పక్కన కూర్చుని పనిచేసే ఆ మనిషి మళ్లీ కూర్చోదేమోనన్న భయమే ఎక్కువగా ఉండేది. ఆమె చూస్తుండగా ఎగరేయాలని, ఇద్దరికీ కుదిరే ఆదివారం కోసం ఎండాకాలం వరకూ ఆగాను. ఆ వారం కూడా వరుసగా డ్యూటీలు పడ్డాయి. ఆదివారం పొద్దున టైం ఉండదని బుధవారమే మూడో నంబరు బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి, ట్యాగు కట్టి పెట్టేశాను. సగంలో ఉంచాలన్న నియమం నాదే. ఆ ఎండల్లో నాలుగు రోజులు నిండుగా వదిలేసింది కూడా నేనే.

ఆదివారం, మా వైపు గాల్లో ఏది ఎగరేసినా పోలీసులకు తెలియాలి కాబట్టి ఠాణాలో చెప్పి, అనుమతి కాగితం జేబులో పెట్టుకుని టౌన్‌షిప్ చివరి మైదానానికి వెళ్లాం. ఆమె ఇసుక బకెట్ మోసింది. బ్యాటరీని ఆత్రంలో సరిగా చూడకుండానే విమానం ముక్కులో పెట్టాను, కొంచెం బిగుతుగా దిగింది. పట్టీ అడ్డుపడుతోంది కాబోలు అనుకున్నాను. మీటర్ పెట్టి చూస్తే ఫుల్ చూపించింది. మీటర్ చూపించాక నేను ఇంకెవరి మాటా వినను.

పసుపు రెక్కలు కొండల ముందు రెండు పల్టీలు కొట్టాయి. ఆమె చప్పట్లు కొట్టింది. నాకు ఉత్సాహం ఆగలేదు. విమానాన్ని తోక మీద నిలబెట్టి, ఇంటి కప్పంత ఎత్తులో గాల్లో ఆపాను. మోటారు పూర్తి శక్తి అడిగే విన్యాసం అది. జీవం పోయిన బ్యాటరీ పని లేనప్పుడు ఫుల్ చూపిస్తుంది, మోటారు భారం పడగానే చతికిలబడుతుంది. మోటారు టక్కున ఆగింది. ఆ ఎత్తులో సర్దుకోవడానికి ఏమీ ఉండదు. ముక్కు నేలకు కొట్టుకుంది.

ఆమె పరుగెత్తింది. "ఆగు! ముట్టుకోకు!" అని అరుస్తూ వెంటపడి చెయ్యి పట్టి వెనక్కి లాగాను. మరుక్షణం ముక్కులోంచి తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. పొగ మీదికి రాని వైపు నుంచి ఇసుక పోశాను. మంట ఆరేసరికి తోక ఒక్కటే పసుపుగా మిగిలింది. ఆమె ఇంకొక్క నాలుగు అడుగులు వేసి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

"బ్యాటరీ ఉబ్బినట్టుంది. బిగుతుగా దిగింది అందుకే" అన్నాను.

"శుక్రారం నుంచే ఉబ్బింది" అంది.

"నువ్వు చూశావా?"

"అల్మరాల చూసిన. పూరీ లెక్క పొంగింది."

"మరి నాకు చెప్పలేదేంటి?"

ఆమె నా వైపు చూసింది. "ఏందయ్యా, నువ్వే కదా దాని గురించి ఏం చెప్పొద్దన్నవు. పొద్దుగాల నోటిదాక వచ్చింది. మళ్ల అరుస్తవని ఊకున్న."

గనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేనే చెబుతాను, ప్రమాదం కళ్లబడితే ఎంత చిన్నవాడైనా పని ఆపించవచ్చని. నా ఇంట్లో నా భార్యకు ఆ పాటి హక్కు లేకుండా చేశాను. సిగ్గేసింది. ఆ మాట ఆమెతో అక్కడే అన్నాను. ఆమె తోక ముక్క చేతికి తీసుకుంది.

రెండు నెలలు విమానం ఊసు ఎత్తలేదు. ఒక సాయంత్రం ఆమే అడిగింది, ఒక యంత్రం మీద ఇద్దరు పనిచేస్తే ట్యాగు ఎవరు కడతారని. ఇద్దరూ ఎవరిది వాళ్లు కడతారనీ, రెండూ తీస్తే తప్ప స్విచ్ వేయరనీ చెప్పాను. "అయితే నాది కూడ ఉంటది. అట్లయితేనే ఇస్త్రీపెట్టె పట్టుకుంట" అంది. మిగిలిపోయిన పసుపు పొరతో తనే ట్యాగులు కత్తిరించుకుంది.

కొత్త విమానం సిద్ధమైన ఆదివారం పొద్దున చూస్తే రెండో నంబరు మీద పసుపు ట్యాగు ఉంది. మిగతావి ఛార్జ్ చేయలేదు, ఇప్పుడు పెడితే అయ్యేసరికి పొద్దెక్కి గాలి లేస్తుంది. ఉబ్బిందేమోనని రెండో నంబరును చదునైన రాయి మీద పెట్టి చూశాను, ఒక్కో సెల్ కొలిచాను. ఎక్కడా వంక దొరకలేదు.

"ఎందుకు కట్టావు?"

"చెయ్యి పెడితే వెచ్చగ అనిపించింది."

"ఇప్పుడు చల్లగానే ఉంది కదా. పంతానికి కట్టలేదు కదా?"

"పంతానికే కట్టిన అనుకో. తీస్తవా ఏంది?"

బయట ఆకాశం నిర్మలంగా ఉంది. గాలి కూడా లేదు. అలాంటి పొద్దు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

"తీయను" అన్నాను.

ఠాణాకు ఫోన్ చేసి ఈవాళ ఎగరేయడం లేదని చెప్పి, ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టాను.