పెరటి గుమ్మం అతిథి

మా ఎదురింటి శేషగిరిరావుగారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారం చేసినంత కాలం భార్య వంటను మెచ్చుకున్న పాపాన పోలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందనో, పులుసు పలచనైందనో అనేవారు. లలితకుమారి సరేనండీ అనేది. ఆయన తిన్నాకే తాను తినేది.

డిమెన్షియా వచ్చాక ఆయన మర్యాదస్తులయ్యారు. భార్యను గుర్తుపట్టలేక మీరు, అండీ అనడం మొదలుపెట్టారు. పెళ్ళయినప్పటి నుంచీ ఏమేవ్ అనే పిలుపుకు అలవాటుపడిన మనిషికి ముందు భయం వేసింది. తరవాత, కాస్త బాగానే ఉంది వదినా అని నాతో అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

చిక్కంతా మధ్యాహ్నం పూటే. సొంత ఇంట్లో కూర్చుని, ఇక మా ఇంటికి వెళ్తానండీ అని లేచేవారు. ఇదే మీ ఇల్లంటే కోపం వచ్చేది. ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయి రైల్వే గేటు దగ్గర దొరికారు. కొడుకు జయకృష్ణ హడలిపోయి తాళం కొనుక్కొచ్చాడు. రేపటి నుంచి వీధి గేటుకు వేసేస్తానన్నాడు. వాడి భయం వాడిది. కానీ అంతకు ముందోసారి తలుపు గడియ పెడితే ఆయన చిన్నపిల్లాడిలా తలుపు బాదుతూ ఏడ్చారు. అది మళ్ళీ చూడలేనంది లలితకుమారి. ఒక్క రోజు ఆగమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వెళ్తానని లేవగానే ఆవిడ అడ్డుపడలేదు.

"భోంచేసి వెళ్ళండి. తినకుండా పంపితే మాకేం మర్యాదండీ?"

మా గోదావరి వైపు ఈ మాట కాదనగలిగిన అతిథి ఇంకా పుట్టలేదు. ఆయన కూర్చున్నారు. పప్పు బ్రహ్మాండం అన్నారు. అంతలో చెయ్యి ఆపేశారు.

"ఏవండీ, ఏమీ అనుకోకపోతే కాస్త క్యారేజీలో పెట్టిస్తారా? మా ఆవిడ నేను తినందే తినదు."

"ఈపాటికి తినేసే ఉంటారు లెండి."

"తినదండీ. ఆవిడ సంగతి మీకు తెలీదు."

లలితకుమారి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని క్యారేజీ కట్టింది. దిగబెట్టి వస్తానని ఆయన్ని పెరటి గుమ్మంలోంచి తీసుకెళ్ళి, సందు చుట్టూ తిప్పి, వీధి గేటు దగ్గరికి తెచ్చింది. మీ ఇల్లు వచ్చిందండీ అంది. లోపల మెట్ల మీద జయకృష్ణ తాళం పట్టుకుని నిలబడ్డాడు. మా వరండాలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

ఆయన తనంతట తానే గేటు తీసుకుని లోపలికి వెళ్ళారు. వెనక్కి తిరిగి క్యారేజీ ఆవిడ చేతిలో పెట్టారు.

"నువ్వింకా తినలేదుగా, తిను. వాళ్ళు మంచివాళ్ళే గానీ, పప్పులో ఉప్పెక్కువ. నీ చేతి వంట ఎవరికొస్తుంది?"

ఆవిడ ఆ మెట్ల మీదే కూర్చుని, ఏడుస్తూ తింది. ఇప్పుడు రోజూ ఇదే తంతు. గేటు దగ్గర అన్ని రోజులూ గుర్తుపట్టరు, అయినా నెమ్మదిగా లోపలికి వెళ్తారు. ఆ తాళం జయకృష్ణ సైకిలుకు వాడుకుంటున్నాడు.

ఆ మొదటి రోజు సాయంత్రం మాత్రం లలితకుమారి పప్పు గిన్నె పట్టుకుని మా ఇంటికి తగువుకొచ్చింది. ఉప్పు సరిగ్గానే ఉందని నాచేత ఒప్పించుకుని గానీ వెళ్ళలేదు.