ఆరోగ్యమేరి ముక్కు, మూడు మేకులు

తిరువళ్లూరు నూనె మిల్లులో, వేరే ఊళ్ల నుంచి తీగ మీద వచ్చే కబుర్లను కాగితం మీద అచ్చుకొట్టే టెలెక్స్ మిషను నడిపే ఆరోగ్యమేరి కాగితం వాసన చూసి అది ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పేది. ఆరణిదానికి వడ్ల వాసన, ఊత్తుకోటదానికి శెనక్కాయల వాసన. కాగితం మిల్లు బీరువాలోదే కదా అంటారా? అయినా సరే, వాసన వచ్చేది. నమ్మనివాళ్లు ఎనభై నాలుగులో ఐప్పసి నెల వానలప్పటి సంగతి వినాలి.

రోజంతా మిషను కక్కే కాగితాలన్నీ చదివే తీరిక ఎవరికుంది? ఎవరు పంపారు, ఎవరికి, ఏ తేదీ, దేని గురించి అన్నది ప్రతిదానికీ తలమీదే ఉంటుంది. మేరి ఆ తల మాత్రం చూసి స్టాకుకు ఒక మేకు, ధరలకు ఒక మేకు, లారీలకు ఒక మేకు చొప్పున గుచ్చేది. మేనేజరు నాగలింగం లారీల మేకు తప్ప ఇంకోదాని మొహం చూసేవాడు కాదు.

ఆ రోజు కుండపోత వాన. మధ్యాహ్నానికి ఫోనూ టెలెక్సూ రెండూ మూగబోయాయి. మేరి మొగుడు సుందరరాజ్ ఊత్తుకోట డిపోకు లారీ తీసుకుపోవాలి. దారిలో కొసస్తలై ఏటి మీద తరైపాలం. పక్కన కమ్మీ కూడా లేని ఆ నేలబారు వంతెన మీద ఏరు పొర్లితే లారీ పుల్లలా కొట్టుకుపోతుంది.

"పాలం ఎట్లుండాదో తెలీకుండా ఆయన్ని పంపొద్దు సార్" అంది మేరి.

"లారీల మేకులో ఈ పొద్దు తేదీ కాయితం ఉండాదా? లేదు గదా! నీళ్లొచ్చుంటే ఊత్తుకోట డిపోలో మిషను నడిపే గోవిందస్వామి టెలెక్సు కొట్టకుండా ఉంటాడా?" అన్నాడు నాగలింగం.

సుందరరాజ్ తలకు తువ్వాలు చుట్టుకుంటూ నవ్వాడు. "పాలం కన్నా నీ మొగమే బయంగా ఉండాది మే. సీక్కిరం వచ్చేస్తా."

మేరికి నమ్మకం కుదరలేదు. పొద్దున ఊత్తుకోట నుంచి ఏదో వచ్చిన గుర్తు. తేదీ వదిలేసింది, విషయం వదిలేసింది. పంపిన ఊరి పేరొక్కటే పట్టుకుని మూడు మేకులూ దులిపి, ఊత్తుకోటవి మాత్రం ఒళ్లో వేసుకుంది. బయట లారీ గుర్రుమంది.

స్టాకు మేకులోదొకటి చేతికొచ్చింది. తలమీద పోయిన నెల తేదీ, "శెనక్కాయల స్టాకు" అని విషయం. కింద మాత్రం, "తరైపాలం మునిగింది. లారీ పంపవద్దు."

అదీ గోవిందస్వామి ఘనకార్యం. తేదీ, విషయం ఉండే తలకట్టు రోజూ కొట్టడం దండగని, ఎప్పుడో దాన్ని చిల్లులుగా పొడిచిన కాగితం టేపునే దాచుకుని మిషనుకు మళ్లీ మళ్లీ తినిపించేవాడు. ఒళ్లు కొత్తది, తలపాగా పాతది.

మేరి వానలో పరిగెత్తి లారీకి అడ్డం నిలబడింది.

"ఏమ్మే, చావాలనుండాదా?" అని అరిచాడు సుందరరాజ్.

"నీకుండాదేమో అడిగిపోదామని వచ్చినా. దిగు."

ఆ మర్నాటికే ఊరంతా ఆమె ముక్కు సంగతే. టీ కొట్టు పచ్చయమ్మ ఆగలేక అడిగేసింది. "నిజంగా శెనక్కాయల వాసనొచ్చెనా అక్కా?"

"టెలెక్సుకు వాసన యాడిదమ్మే? ఊత్తుకోటవన్నీ వేరుగా తీసినా, కింద దాకా సదివినా. ఆ పొద్దు నాకు జలుబు."