చెయ్యి కింద కాగితం

మొన్న మధ్యాహ్నం కోరుట్లలో మా ఇంటి వరండాలో కూర్చుని మా మనవరాలు ఫోన్‌లో చదరంగం చూస్తూ నన్ను కూడా పిలిచింది. ఎక్కడో దూరదేశంలో ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల పోటీ జరుగుతోందట, ఆ రోజు ఒక్క ఆటలోనే గెలుపు, మిగిలినవన్నీ సమానం. అందరూ ఆ గెలుపు గురించే మాట్లాడుకుంటుంటే నా కళ్లు మాత్రం సమానమైన ఒక ఆట దగ్గర ఆగిపోయాయి. ఒకడు గడియారం ఆపి, ఇదే స్థితి మూడోసారి వచ్చిందన్నాడు, తీర్పరి వచ్చి ఎత్తులు రాసుకున్న కాగితం చూసి తల ఊపాడు, ఇద్దరూ చేతులు కలిపి చెరో అర పాయింటు తీసుకుని లేచిపోయారు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆపెయ్యమని గట్టిగా అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయింది, పాపం దాని తప్పేమీ లేదు.

నా కోపానికి నలభై ఏళ్ల వయసుంది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా వైపు చదరంగం రెండు రకాలుగా ఉండేది. మా నాయన బడిపంతులు కాబట్టి నాకు ఇంగ్లీషు పుస్తకం తెచ్చిచ్చి, ఎత్తులు ఎలా రాసుకోవాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. సిరిసిల్లలో మాత్రం సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు కరెంటు పోయినప్పుడల్లా షెడ్డు ముందు తాము నేసుకున్న గళ్ల గుడ్డ పరిచి ఆడేవాళ్లు. కరెంటు పోవడానికి ఏనాడూ కొదవ లేదు కాబట్టి అక్కడ ఆటగాళ్లకూ కొదవ లేదు.

అలా సిరిసిల్ల నుంచి వచ్చినవాడే నేను చెప్పబోయే మనిషి. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచాను, ఆయన నన్ను తమ్మీ అన్నాడు. జగిత్యాలలో ఒక బడి గదిలో పోటీ పెట్టారు, మొదట వచ్చినవాడు రాష్ట్ర పోటీకి హైదరాబాదు పోతాడు, ఒక్కడికే చోటు. చివరి ఆట మా ఇద్దరికీ పడేనాటికి ఆయన నాకంటే అర పాయింటు ముందున్నాడు. ఆట సమానమైనా పోయేది ఆయనే. నేను పోవాలంటే గెలిచి తీరాలి.

నాకు ఒక ఏనుగు ఎక్కువ ఉంది, గెలిచేశానని లోపల సంబరపడుతున్నాను. అప్పుడు ఆయన మంత్రిని తెచ్చి నా రాజుకు ఒక మూల నుంచి షా, అంటే చెక్, చెప్పాడు, నేను జరిగితే ఇంకో మూల నుంచి చెప్పాడు, మళ్లీ మొదటి మూల నుంచే చెప్పాడు. నా రాజు రెండు గళ్ల మధ్య అటూ ఇటూ తిరగడమే తప్ప దారి లేదు. మూడోసారి అదే స్థితి రాగానే ఆయన తీర్పరిని పిలిచాడు. తీర్పరి అంటే ఆ పోటీకి దొరికిన ఒక ఆటల సారు.

"సార్, మూడుసార్లు గదే వచ్చింది. ఇగ ఆట సమానం."

సాంచాల చప్పుడులో బతికేవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆయన మామూలుగా చెప్పిన మాటే గదంతా మోగింది, సారుకు అది పొగరుగా వినిపించింది. కాగితం చూపించమన్నాడు. ఆయన కాగితంలో గళ్ల గుర్తులు ఇంగ్లీషులోనే ఉన్నాయి, బోర్డు అంచున ఉండే ఆ ఎనిమిది అక్షరాలూ ఆయనకు వచ్చు. పావులు మాత్రం తెలుగులో ఉన్నాయి, గుర్రానికి గు, ఏనుగుకు ఏ, ఒంటెకు ఒం, మంత్రికి మం. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. సారు వాటిని కోడిగీతలన్నాడు. ఇంగ్లీషులో మళ్లీ రాసుకొస్తే చూస్తానని కొత్త కాగితం ఆయన ముందు పడేశాడు. గడియారం మాత్రం ఆపలేదు, అది ఆయన వైపే నడుస్తోంది.

పోయేముందు సారు నన్ను కూడా అడిగాడు, మూడుసార్లు వచ్చిందా అని. నా కాగితం నా ముందే ఉంది, ఇంగ్లీషులోనే ఉంది, మూడుసార్లు వచ్చినట్టు నా చేతి రాతతోనే ఉంది. నేను దాని మీద చెయ్యి పెట్టి ఏమో సార్ అన్నాను.

ఆయన వంగి రాయడం మొదలుపెట్టాడు. గుర్రానికి ఏం రాయాలె తమ్మీ అని నన్నే అడిగాడు, ఎన్ అని చెప్పాను. ఏనుగుకు ఆర్ అన్నాను, ఒంటెకు బి అన్నాను. అడిగిన ప్రతి అక్షరం బుద్ధిగా చెప్పాను, అసలు చెప్పాల్సిన ఒక్క మాట తప్ప. ఇంకా సగం రాయాల్సి ఉండగానే ఆయన సమయం అయిపోయి గడియారం మీద చిన్న ఎర్ర జెండా పడిపోయింది. సారు నేను గెలిచానన్నాడు. అన్న రాసిన రెండు కాగితాలూ నలిపి కిటికీలోంచి పారేశాడు.

ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. నియమం తెలియనివాడు తీర్పు చెప్పకూడదు. కానీ సారుది తెలియనితనం, తెలిసి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నది నేను. హైదరాబాదులో ఒక్క ఆట కూడా గెలవలేదు, అయినా పోయి ఆడినట్టు ఇచ్చిన కాగితాన్ని తర్వాత ఉద్యోగం దరఖాస్తుకు సిగ్గులేకుండా జతచేశాను.

కొన్నాళ్లకు ఒక పెళ్లికి గంభీరావుపేట పోతూ సిరిసిల్ల బస్టాండులో దిగితే ఆ అన్నే నన్ను గుర్తుపట్టి దూరం నుంచి కేకేశాడు. తిడతాడనుకున్నాను. చాయ్ తాగించాడు.

"హైదరాబాద్ల మంచిగ ఆడినవా తమ్మీ? గా ఆటలు రాసుకుంటివి గదా, ఒకసారి తెచ్చి సూపియ్యరాదు."

తేలు కుట్టిన దొంగలా తల ఊపి బస్సెక్కాను. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు ఇంత కాలం ఇంత మంట ఉండేది కాదు.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. కోపం దిగాక, ట్రంకు పెట్టెలోంచి ఆ పాత కాగితం తీసి ఇచ్చానంతే. అది బోర్డు మీద ఒక్కో ఎత్తూ ఆడుకుంటూ పోయి, చివరికి వచ్చి తలెత్తింది.

"తాతా, గిది డ్రా గదా. నువ్వెట్ల గెలిచినవ్?"

అప్పుడు చెప్పాను. అంతా విని అది ఫోన్‌లో నియమాల పుస్తకం తెరిచి చూపించింది. పావుల పేర్లకు ఎవరి భాషలోని అక్షరం వాళ్లు రాసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఇది కొత్తగా వచ్చింది కాదట, ఎప్పటినుంచో ఉన్నదేనట. ఆయన గు, ఆయన మం, అన్నీ చెల్లేవే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కూడా కోపంతోనే.

ఆయనను వెతుకుదాం, పేరు చెప్పమంది మనవరాలు. నేను కాగితం తిప్పి పైభాగం చూపించాను. ఎదుటి ఆటగాడి పేరు రాయాల్సిన గీత మీద నా ఇంగ్లీషు రాతలో సిరిసిల్ల అని ఉంది. అంతే ఉంది. ఆ రోజు అడగలేదు, చాయ్ తాగినప్పుడు కూడా అడగలేదు.

ఇప్పుడు ఎవరు ఎక్కడ ఏ ఎత్తు వేసినా క్షణంలో లోకమంతా తెలుస్తుంది, ఆడినవాడి పేరు, ఊరు, వయసు అన్నీ నిలిచిపోతాయి, పక్కవాడి నోట నిజం వస్తుందా రాదా అని ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. మా కాలంలో ఆ ఆటకు మూడే కాగితాలు ఉండేవి. రెండు జగిత్యాల బడి కిటికీ అవతల పడ్డాయి. మూడోది నా దగ్గర ఉంది, దానిలో ఆయన పేరు లేదు.