మురుగు గట్టున వేసిన విస్తళ్ళు

నా చిన్నప్పుడు దెందులూరు దగ్గర మా ఊళ్ళో పై వీధులవాళ్ళు పారబోసిన నీళ్ళన్నీ మా వాకిట్లోకే వచ్చేవి. గిన్నెలు కడిగినవి, స్నానాలవి, గొడ్ల సావిళ్ళవి, అన్నీ పల్లంలో ఉన్న మా ఇంటి ముందు మడుగు కట్టి నల్లగా నిలిచేవి. పిల్లలం ఆ గట్టు మీదే ఆడుకుని, ఆకలేస్తే అక్కడే కూర్చుని జంతికలు తినేవాళ్ళం. అదంతా కంపని కూడా మాకు తెలియదు.

ఒక ఏడు వానల్లో పక్కింటి అక్క చంటివాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బండి కట్టి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తే ఎలాగో బతికి బయటపడ్డాడు. వాళ్ళు తిరిగొచ్చిన రోజే మా నాయనమ్మ పంచాయతీ ప్రెసిడెంటు గారింటికి వెళ్ళింది. ఆ మురుగు పోవాలంటే ఆయన కొబ్బరితోటలోంచి కాలువ తవ్వడం తప్ప దారి లేదు. ఆయన చెడ్డవారు కాదు. "చూద్దాం లెండమ్మా" అన్నారు. ఎన్నిసార్లు వెళ్ళినా అదే మాట.

వానలు వెనకబట్టాక మా తమ్ముడి అన్నప్రాశన వచ్చింది. నాయనమ్మ ప్రెసిడెంటు గారినీ, ఊరి పెద్దలనీ భోజనానికి పిలిచింది. తీరా వాళ్ళు వచ్చేసరికి, వసారాలో వేసిన చాపలూ ఆకులూ తీయించి మడుగు గట్టున వేయించింది. మా నాన్న హడలిపోయాడు. మేం కౌలుకి చేసేది ప్రెసిడెంటు గారి పొలమే. ఆయనకి కోపమొస్తే మాకు బతుకుతెరువు లేదు.

"ఏవండీ, ఈ కంపులో ఎలా తింటామండీ?" అన్నారొక పెద్దాయన.

"మీకు ఈ ఒక్కపూటేనండి. మా పిల్లలకి రోజూ ఇక్కడేనండి" అంది నాయనమ్మ, నెయ్యి గిన్నె పట్టుకుని. గొంతులో వెటకారం లేదు.

ప్రెసిడెంటు గారు ఆకు ముందు కూర్చున్నారు. పప్పన్నం కలిపారో లేదో మడుగు మీది ఈగలన్నీ ఆయన ఆకు మీద వాలాయి. చెయ్యి అలాగే ఆపి, గట్టున నిలబడ్డ మా వైపు చూశారు. తర్వాత లేచారు. నాన్న కంగారుగా చేతులు జోడించాడు.

"వంటలన్నీ మూతపెట్టించండమ్మా. నా తోటలోంచే తవ్విద్దాం. భోజనం ఆ తర్వాతే" అన్నారాయన.

పలుగులూ పారలూ వచ్చాయి. పెద్దలంతా పంచెలు ఎగగట్టి దిగారు. తోటలోంచి కాలువ తవ్వి, దాని చివర నీళ్ళు ఇంకడానికి లోతుగా గొయ్యి తీసి, ఇటుక ముక్కలూ ఇసుకా నింపి, చుట్టూ అరటి పిలకలు నాటారు. పొద్దు వాలే వేళకి గట్టు తెగ్గొట్టగానే, ఏళ్ళ తరబడి కదలని ఆ నల్లనీళ్ళు కదిలాయి. పిల్లలం కేకలు పెడుతూ కాలువ వెంట పరిగెత్తాం. ఆ సాయంత్రం వసారాలో చల్లారిన పులిహోరని ప్రెసిడెంటు గారు మారు అడిగి మరీ వేయించుకున్నారు. మా కౌలుకి ఏ లోటూ రాలేదు.

మా ఇంట్లోంచి పోయే నీళ్ళు ఎవరి గుమ్మం ముందు ఆగుతున్నాయో తెలుసుకోకుండా ఉండలేకపోవడం నాకు ఆ రోజు అబ్బింది. తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీని ముందు అడిగింది అదే. ఈ వయసులోనూ పొద్దున్నే కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, కాలువ పారుతోందని చూసుకున్నాకే కాఫీ తాగుతాను.