ఎండాకాలంలో చూసిన నేల

కోట ఊరి నుంచి తంతి వచ్చింది. మరిది ఇంటికి వెళ్లిన మా పెద్ద ఆడబిడ్డ నిద్రలోనే పోయారని అందులో ఉంది. తంతి అంటే ఆవిడకు ఎంత భయమో మా వీధంతటికీ తెలుసు. పోస్టు జవాను సైకిలు దిగితే చాలు, పొయ్యి మీది గిన్నె దించి, కొంగు బిగించి నిలబడేవారు. ఆ రోజు నేనూ గిన్నె దించి అలాగే నిలబడ్డాను.

మా ఊళ్లో ఆవిడను "భయం వదినె" అనేవాళ్లు. ఎదుటే అనేవాళ్లు, ఆవిడా పలికేవారు. కాపురానికి వెళ్లిన కొత్తలోనే గాలివానకు పెనిమిటినీ, సముద్రం పక్కనున్న అత్తవారింటినీ పోగొట్టుకుని తమ్ముడి పంచన చేరిన మనిషి. ఆ తమ్ముడే మా ఆయన. నేను వచ్చేటప్పటికి ఆవిడ భయాలన్నీ మా ఇంటి పద్ధతులైపోయి ఉన్నాయి. ఆశ్వయుజం వస్తే బియ్యం అటకెక్కేవి. గొడ్లకు గట్టి ముడి వేయనిచ్చేవారు కారు. తూర్పుగాలి తిరిగితే వాకిట్లో నిలబడి వాసన చూసేవారు.

"నువ్వు లెక్కలు చూసుకో మే, నేను గాలి చూసుకుంటా," అనేవారు నాతో. నేను నవ్వేదాన్ని. కాని ఆవిడ లోపలికి వచ్చేదాకా నా చెయ్యి పనిలో పడేది కాదు.

అద్దె ఇళ్లలో ఉన్న కొందరం కలిసి ఇళ్ల సంఘం పెట్టుకున్నాం. మా ఆయన కార్యదర్శి. ఊరికీ ఉప్పుకాలువకూ మధ్యనున్న పల్లపు బీడును ఎంచారు. బస్సు రోడ్డు దగ్గర, నేల చదును. నా వంటిల్లు ఏ మూలకు రావాలో కూడా నేను తేల్చుకున్నాను. అనుమతి ఇచ్చేముందు ఆ చోటు ఇళ్లకు తగునో కాదో చూడటానికి నెల్లూరు నుంచి అధికారి వస్తున్నారనీ, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చుననీ దండోరా వేశారు.

ఆ అధికారి రోహిణికార్తెలో వచ్చారు. బీడు పగుళ్లిచ్చి, అడుగు వేస్తే దుమ్ము లేస్తోంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అప్పుడు మా వదినె ముందుకు వచ్చారు.

"అయ్యా, మీరు దీన్ని పెళ్లిచూపుల్లో చూస్తా ఉండారు. ఇప్పుడు తలొంచుకోనే ఉంటాది. కాపరానికొచ్చినాక గదా దాని బుద్ధి తెలిసేది!"

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి, "మరి ఏం చెయ్యమంటారమ్మా?" అని అడిగారు.

"ఇల్లు కట్టబోయే ముందు గుంట తీసి నేల చూస్తారు గదా మనోళ్లు. అదే చూడండి. మూరెడు చాలదు, మనిషి దిగేంత తవ్వించండి."

"ఊరుకో అక్కా," అన్నారు మా ఆయన, మొహం మాడ్చుకుని. "ఉప్పెన ఇప్పుడే వస్తా ఉందా ఏంది?"

"నేను ఊరుకుంటా అబ్బయ్యా. అది ఊరుకుంటాదా?"

తవ్వించారు. నడుము లోతుకు దిగేసరికి మట్టి నల్లబడింది. తర్వాత మెరిసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుంటలోకి మాత్రం చప్పుడు లేకుండా నీళ్లు ఊరుతున్నాయి. కాలువ కంపు కొట్టింది. తవ్వేవాళ్లు ఎవరూ చెప్పకుండానే పైకి ఎక్కేశారు. నేను వంటిల్లనుకున్న చోటు ఆ గుంట పక్కనే.

తన మాట నిజమైందని ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అబద్ధమైతే బాగుండునే," అన్నారు.

అధికారి ఆ నేల పనికిరాదని రాసి వెళ్లారు. సంఘం ఊరికి పడమట, ఆ బీడు దాకా కనబడే మెరక మీదికి మారింది. రోడ్డు దూరం, మంచినీళ్ల బావి ఇంకా దూరం. బిందెలెత్తుకున్న ఆడవాళ్లు "భయం వదినె పుణ్యాన కాళ్లరిగిపోతా ఉండాయి" అని ఆవిడకు వినబడేలాగే అనేవాళ్లు.

"తిట్టనీ," అనేవారావిడ. "తిట్టేదానికి మనుషులు మిగిలుండారు గదా."

మరుసటి ఏటి కార్తీకంలో బీడంతా నీళ్లు నిలిచి కాలువలో కలిసిపోయింది. మెరక మీద నుంచి అందరం చూశాం. తర్వాత ఎవరూ తిట్టలేదు. మా పిల్లలు ఇన్ని వానాకాలాల్లో పొడినేల మీద పడుకున్నారంటే అది ఆవిడ చలవ.

కొన్నేళ్లకు ఆ పల్లాన్నే ఎవరో కొని ముక్కలుగా అమ్మారు. ఈసారి దండోరా లేదు, చూడవచ్చిన అధికారీ లేడు. కొన్నవాళ్లు బిట్రగుంట వైపు నుంచి వచ్చినవాళ్లు, ఈ నేల ఎరగరు. మా వదినె పునాదుల మధ్య తిరిగి, "వానల్లో ఒకసారి చూసి కట్టుకోండి నాయనా" అని బతిమాలారు. "అట్నేలే అవ్వా" అని మర్యాదగా పంపించి, వాళ్లు ఎండల్లోనే కట్టేశారు. అప్పటినుంచి ఆవిడ భయం ఇంకొకరి పిల్లల మీదికి మళ్లింది. వాన పడితే, "ఆ పల్లంలో దీపాలు వెలగతా ఉండాయా, చూడు మే" అని నన్ను వాకిట్లోకి పంపేవారు.

ఇప్పుడు పంపే మనిషి లేరు. మైల తీరాక నేనే పల్లంలోకి వెళ్లాను. కొత్తగా దిగిన ఇల్లాలు ఇల్లంతా సంబరంగా చూపించింది. వంటింట్లో గోడ అడుగున తెల్లని పొడి రాలుతోంది.

"సున్నం సరిగా పట్టలేదక్కా," అంటూ కొంగుతో తుడిచింది.

వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"గాలి తిరిగితే ఎవర్నీ అడగబాక. పిల్లల్ని తీసుకోని మా ఇంటికొచ్చెయ్," అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. ఇద్దరం గోడ వైపు చూశాం. తుడిచిన చోట తడి నల్లగా బయటపడింది. నేల దగ్గర మొదలై, ఆమె మోకాటి ఎత్తుదాకా ఎక్కి ఉంది.