వెతికి అడగమన్నారు

మా వాడికి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. రైలు కూత వినబడితే మిర్యాలగూడలో మా ఇంటి గేటు దాకా పరిగెత్తేవాడు, పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరిగి చూసేవాడు కాదు. కోదాడ నుంచి మా అమ్మ ఫోన్లో, "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయి లేవే" అని కొట్టిపారేసేది. రైస్ మిల్లులో కాటా దగ్గర పనిచేసే మా ఆయనదీ అదే పాట. "నాకు గూడ నాలుగేండ్లకే వచ్చినయంట. ఊకె పరేషాన్ గాకు, వానికేం గాదు" అనేవాడు. సూర్యాపేట డాక్టర్ మాటెత్తితే అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

ఇంట్లో వినేవాళ్లు లేక, మాటలు రాని పిల్లల తల్లిదండ్రులు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరాను. "మా బాబుకు మాటలు వస్తాయా?" అని రాశానో లేదో, గ్రూపు నడిపే ఆవిడ జవాబు వచ్చింది. "ఈ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ముందు పాతవి వెతకండి, దొరక్కపోతే అడగండి." నా ప్రశ్న తీసేసింది కూడా. ఒళ్లు మండింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అడిగితేనే తప్పు. ఆవిడకు అది రోజూ వచ్చే ప్రశ్నే కావచ్చు, నాకున్నది ఒక్క కొడుకు.

తిట్టుకుంటూనే వెతికాను. మధ్యాహ్నం వాడు పడుకున్నాక 'మాటలు' అని కొడితే, ఎంత కిందికి పోయినా అదే ప్రశ్న. ఊళ్లు వేరు, పిల్లలు వేరు, భయం ఒక్కటే. ఓపికగా జవాబు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆలస్యం చేయొద్దు, స్పీచ్ థెరపీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది అని రాశారు. తొందరగా అన్న మాటను మళ్లీ మళ్లీ చదివాను. ఏమీ కాదనుకుంటూ మేం గడిపేసిన నెలలన్నీ గుర్తొచ్చాయి.

ఇంకా కిందికి పోతే ఇంకొకటి కనిపించింది. "మా బాబు రైలు కూత వింటే గేటు దాకా ఉరుకుతాడు. పేరు పిలిస్తే చూడడు. చెవులు వినబడుతున్నట్టే కదా, మరి మాటలు వస్తాయా?" ఎవరో మా వాడి గురించే రాసినట్టుందే అనుకుని పైన చూస్తే, మా ఆయన పేరు. పోయిన వానాకాలంలో అడిగాడు. తీసేయడం మరిచారేమో, కింద ఒక్కటే జవాబు, వెతికి అడగమని. ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు.

ముందు కోపం వచ్చింది. నా ముందు అంత ధీమా చూపించి, ముక్కూమొహం తెలియనివాళ్లను అడుగుతాడా అని. కాసేపటికి కోపం పోయి భయం పట్టుకుంది. వానికేం గాదు అని ఆయన అన్నప్పుడల్లా పోట్లాడానే గాని, లోపల ఆ మాటనే పట్టుకుని బతికాను. ఇప్పుడు ఈ ఇంట్లో ఆ మాట నమ్మేవాళ్లు ఎవరూ లేరు. నిద్రపోతున్న పిల్లవాడి పక్కన కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం ఆయన ఒంటి నిండా తవుడు దుమ్ముతో వచ్చాడు. పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, "బాబును తీసుకుని సూర్యాపేటకు పోదాం" అన్నాను. ఎందుకని అడగలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గాడ ఆ డాక్టర్ శుక్రవారమే కూసుంటడు" అన్నాడు. "పొద్దుగాల్నే పోవాలె."