వేలిముద్ర వేసిన గడ్డిచేను

శాలిబండలో నాలుగు బర్రెలను సాకడమంటే మాటలు కాదు. మొగులయ్య ముప్పై ఏళ్లుగా సాకుతున్నాడంటే, మూసీ ఒడ్డున కౌలుకు పట్టిన ఎకరం పచ్చగడ్డి చలవే అది. తెల్లారేసరికి గడ్డి కోసి, మోపులు ఆటోలో వేసుకొస్తే, గల్లీ మొదట్లో ఆటో చప్పుడుకే బర్రెలు అరిచేవి.

చలికాలంలో నలుగురు మనుషులు కొలతల సామాను పట్టుకుని చేలోకి దిగారు. ఎవరు పంపారో మొగులయ్య అడగలేదు.

"పెద్దాయనా, వానలకు నీళ్లు ఏడిదాక వస్తయి?" అన్నాడు ఒకడు.

నీళ్లొస్తాయంటే నది జాగా అని రాసేసి తనను వెళ్లగొడతారని మొగులయ్య భయపడ్డాడు.

"ఎన్నడూ రాలె సార్. గట్టి నేల," అన్నాడు.

నిరుడు ఇదే చేలో రొమ్ము లోతు నీళ్లలో కొడవలి వెతుక్కున్న మనిషి! వాళ్లు ఆ మాటే రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. గండం గడిచిందని భార్య సుశీలమ్మకు చెప్పి మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

నీళ్లు రాని నేల మీద ఇళ్లు లేస్తాయని అతనికి తట్టలేదు. ఉగాది దాటగానే భూయజమాని ఆ కాగితం చూపించి చేను ప్లాట్ల వాళ్లకు అమ్మేశాడు. టిప్పర్లు వచ్చి గడ్డి మీదే మట్టి పోశాయి.

ఇప్పుడతను గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పారేసిన ఆకులు ఏరుకొస్తున్నాడు. బర్రెలు మూతి తిప్పుకుంటున్నాయి, పాలు సగమయ్యాయి. రెండింటిని అమ్మేద్దామని సుశీలమ్మ అంటే మాట దాటేస్తాడు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, ఆ చేలో లేవబోయే ఇళ్లు గుర్తొచ్చి అన్నం సహించదు.

ఒకరోజు చేను అంచున మిగిలిన గడ్డి కోసుకుంటుంటే, ప్లాట్లు అమ్మేవాడి వెంట ప్లాటు చూడ్డానికి ప్రకాశం, అతని భార్య రాహేలు వచ్చారు. ఆమె చంకలో పసిపిల్ల ఉంది.

"బాపూ, వానలకు ఇక్కడ నీళ్లొస్తయా?" అడిగింది రాహేలు.

"వస్తయి బిడ్డా. రొమ్ము దాకా వస్తయి. కొనకుండ్రి."

ప్లాట్లు అమ్మేవాడు నవ్వి, సంచిలోంచి కాగితం తీశాడు. "ముప్పై ఏండ్లు ఈడ గడ్డి కోసిన రైతే చెప్పిండమ్మా, నీళ్లు రావని. ఇగో వేలిముద్ర."

మొగులయ్య తన ముద్రను గుర్తుపట్టాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. అయినా చెప్పాడు.

"ఆ రైతును నేనే బిడ్డా. అబద్ధం చెప్పిన."

రాహేలు భర్త వైపు చూసింది. ప్రకాశం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చేను పోయిందని కడుపుమంటతో అంటున్నడు. పద, అడ్వాన్సు ఇద్దాం," అన్నాడు.